సభలోంచి ఎవరిని పంపాలి?

భక్తి గ్రూపులో ఒకరు దేవుడి మీద సందేహం పెడితే అడ్మిన్ తీసేస్తాడు. నాస్తిక గ్రూపులో ఒకరు పురాణ వాక్యాన్ని సాక్ష్యంగా తెస్తే అక్కడి అడ్మినూ తీసేస్తాడు. బయటపడ్డ ఇద్దరూ స్క్రీన్‌షాట్ పెట్టి చెప్పుకునే గోడు ఒక్కటే: మా భావ ప్రకటన స్వేచ్ఛను హరించారు. తీసేసిన ఇద్దరి జవాబూ ఒక్కటే: ఇది మా ఇల్లు, ఇక్కడ మా పద్ధతి. ఇంటర్నెట్ పుట్టకముందు నుంచీ నడుస్తున్న ఈ తగవు వాట్సాప్ వచ్చాక ఊరూరికీ పాకింది. తగవులో దిగినవాళ్లు గ్రూపులు మారినప్పుడల్లా తమ వాదనలను కూడా తిప్పేసుకుంటున్నారు. తమ గ్రూపులో కట్టడిని మెచ్చుకునేవాళ్లే పక్క గ్రూపులో స్వేచ్ఛ కావాలంటారు.

ఇంత చిక్కుపడటానికి ఒక కారణం మాటల్లోనే ఉంది. సెన్సార్ అన్న ఒక్క పేరు కింద మూడు వేర్వేరు అధికారాలను కలిపేశాం. జైల్లో పెట్టగల అధికారం ప్రభుత్వానిది. కోట్ల మంది కంటపడకుండా చేయగల అధికారం కంపెనీది. రెండు మూడు వందల మంది కూడిన చోటు నుంచి ఒకరిని సాగనంపే అధికారం అడ్మిన్‌ది. మొదటిదాన్ని కట్టేయడానికి పుట్టిన వాదనలను మూడోదాని మీద, మూడోదానికి చెల్లే సమర్థనలను మొదటిదాని మీద వాడుతున్నాం. నా ఉద్దేశంలో ఈ గొడవలో అసలు ప్రశ్న ఎంత స్వేచ్ఛ ఇవ్వాలన్నది కాదు. ఆ సభ ఏ పని కోసం కూడిందో ముందే చెప్పారా, పంపేసింది మాట తీరు చూసా లేక మాట సారం చూసా, ఎందుకు పంపారో చెప్పారా అన్నవే ప్రశ్నలు. ఇవి తేల్చుకోకుండా హద్దు ఎక్కడ గీసినా అది అన్యాయంగానే కనపడుతుంది.

ఓటమికి 22 గుర్తులు

మత చర్చకు నియమాలు పెట్టుకోవడం మనకు కొత్త కాదు. న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా విడదీశాయి. నిజం తేల్చుకోవడానికి కూర్చుంటే వాదం. గెలుపే గురి అయితే జల్పం. తనదంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటి పక్షాన్ని పడగొట్టడమే పని అయితే వితండం. ఇవాళ వితండవాదం అనే మాటను తిట్టుగా వాడుతున్నాం గానీ, సూత్రకారుడు దాన్ని పూర్తిగా వెలివేయలేదు. మొలకను కాపాడటానికి ముళ్లకంప నాటినట్టు, తేలిన నిజాన్ని కాపాడుకోవడానికి జల్ప వితండాలు పనికొస్తాయన్నాడు. ఐదో అధ్యాయంలో 22 నిగ్రహస్థానాలు, అంటే వాది ఓడిపోయాడని తేల్చే సందర్భాలు, లెక్కగట్టి ఇచ్చాడు. మొదట చెప్పిన ప్రతిజ్ఞను మధ్యలో వదిలేయడం, అడిగినదానితో సంబంధం లేని సంగతిలోకి దూకడం, చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పడం, వేరే పని ఉందని చర్చ మధ్యలో జారుకోవడం, ఎదుటివాడి మాటను తిరిగి చెప్పలేకపోవడం వాటిలో కొన్ని. నేటి గ్రూపుల నియమావళిలో సగం ఇందులోనే ఉంది. ఎదుటివారి మాటను ముందు సరిగ్గా తిరిగి చెప్పాలన్న ఆఖరి షరతు ఒక్కటి అమలు చేస్తే చాలు, ఎన్నో గ్రూపులు ఒక్క పూటలో మూగబోతాయి. ఈ 22లో మనోభావాలు దెబ్బతీయడం అన్నది మాత్రం లేదు.

అయితే ఆ సభలను ఆదర్శంగా ఎత్తుకునేవాళ్లు ఒక సంగతి దాటవేస్తారు. ఎలా మాట్లాడాలన్నదానికి అంత సూక్ష్మమైన నియమాలున్న చోట, ఎవరు లోపలికి రావచ్చన్నది ముందే తేలిపోయి ఉండేది. శూద్రులకు వేదం వినే అర్హతే లేదన్న వ్యవస్థలో వాళ్లు ఆ వేదం మీద పూర్వపక్షం, అంటే ఎదురు వాదన, చేసే అవకాశం ఎక్కడిది? బృహదారణ్యకంలో గార్గి ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తూ పోతే, ఇంకా అడిగితే తల రాలిపడుతుందని యాజ్ఞవల్క్యుడు హెచ్చరిస్తాడు. ఆమె ఆగుతుంది, తర్వాత మళ్లీ లేచి అడుగుతుంది. ఆ కథను మన స్వేచ్ఛకు నిదర్శనంగా చూపించేవారూ ఉన్నారు, కట్టడికి నిదర్శనంగా చూపించేవారూ ఉన్నారు. రెండూ అందులో ఉన్నాయి.

లాహోర్‌లో రెండు ఘట్టాలు

ఆధునిక కాలంలో ఈ తగవును మలుపు తిప్పిన రెండు ఘట్టాలు ఒకే ఊళ్లో, పన్నెండేళ్ల తేడాతో జరిగాయి. 1924లో లాహోర్‌లో రాజ్‌పాల్ అనే ప్రచురణకర్త రంగీలా రసూల్ అనే కరపత్రం అచ్చువేశాడు. ప్రవక్త వ్యక్తిగత జీవితాన్ని హేళన చేసిన రచన అది. కింది కోర్టులు శిక్ష వేసినా 1927లో హైకోర్టు అతన్ని విడుదల చేసింది. గతించిన మతగురువును హేళన చేయడం, వర్గాల మధ్య వైరం పెంచడాన్ని శిక్షించే 153ఎ సెక్షన్ కిందికి రాదన్నది తీర్పు సారం. దాని మీద చెలరేగిన ఆందోళనకు జవాబుగా అదే ఏడాది ఇండియన్ పీనల్ కోడ్‌లో 295ఎ చేరింది. ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో ఒక వర్గం మత భావనలను రెచ్చగొట్టేలా వారి మతాన్ని గానీ విశ్వాసాలను గానీ అవమానించడం నేరమైంది. చట్టం వచ్చిన రెండేళ్లకే, 1929లో, రాజ్‌పాల్ హత్యకు గురయ్యాడు. ఇలాంటి సెక్షన్లు ఉంటే జనం చట్టాన్ని చేతుల్లోకి తీసుకోరన్న వాదన ఇప్పటికీ వినపడుతుంది. దాని తొలి అనుభవం మాత్రం అందుకు విరుద్ధంగానే ఉంది.

రెండో ఘట్టం 1936లోది. కులాన్ని తెంచాలన్న ఉద్దేశంతోనే పుట్టిన జాత్ పాత్ తోడక్ మండల్ తమ వార్షిక సభకు అంబేడ్కర్‌ను అధ్యక్షుడిగా పిలిచింది. ప్రసంగ పాఠం ముందుగా చూసిన నిర్వాహకులు వేదాల మీద, హిందూ ధర్మం మీద చేసిన విమర్శను తగ్గించమన్నారు. ఒక్క కామా కూడా మార్చనన్నాడు అంబేడ్కర్. సభే రద్దయింది. ఆ ప్రసంగాన్ని ఆయన సొంత ఖర్చుతో అచ్చువేయించాడు. కుల నిర్మూలన పేరుతో మనం ఇవాళ చదువుతున్న పుస్తకం అదే. సభ నిర్వాహకులకు తమ వేదికను నడుపుకునే హక్కు ఉందనేవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. మండల్ చేసింది ఆ హక్కు పరిధిలోని పనే. కానీ కులాన్ని తెంచడం తమ లక్ష్యమని ప్రకటించుకున్న సంఘం, కులానికి మూలం శాస్త్రాల పట్ల ఉన్న పవిత్ర భావమేనన్న వాదనను విషయానికి బయటిది అనలేదు. వాళ్లు మీరింది అంబేడ్కర్ స్వేచ్ఛను కాదు, తాము రాసుకున్న లక్ష్యాన్నే. రెండింటి మధ్య తేడాను ఈ చర్చలో చాలామంది పట్టించుకోరు. గాంధీ హరిజన్ పత్రికలో ఆ ప్రసంగాన్ని విమర్శిస్తే, అంబేడ్కర్ 1937లో తెచ్చిన రెండో కూర్పులో ఆ విమర్శనూ తన జవాబునూ కలిపి అచ్చువేశాడు. పూర్వపక్షాన్ని దాని సొంత మాటల్లో పక్కనే ఉంచడం అంటే అది.

తెలుగునాట ఇదే కాలంలోనూ ఆ తర్వాతా అచ్చులో నడిచిన చర్చ తక్కువేమీ కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి శంబుకవధ, గోరా నాస్తిక కేంద్రం ప్రచారం, 1970లలో రంగనాయకమ్మ రామాయణ విషవృక్షం, వాటి మీద వచ్చిన ఖండనలు మనకు తెలిసినవే. ఆ చర్చకు ఒక జల్లెడ ఉండేది. పుస్తకం వేయాలంటే డబ్బూ ఓపికా కావాలి, పత్రికలో రావాలంటే సంపాదకుడి కంటపడాలి. ఆ జల్లెడ చాలామందిని బయట ఉంచింది. తిట్టును కూడా చాలావరకు బయట ఉంచింది.

తలుపుల్లేని గది

ఆ జల్లెడ లేకుండా మతం గురించి మాట్లాడుకుంటే ఏమవుతుందో తెలిపిన తొలి ప్రయోగశాల పాత ఆన్‌లైన్ చర్చావేదిక యూజ్‌నెట్. 1980లలోనే అక్కడ మతానికి చర్చా విభాగాలు ఏర్పడ్డాయి. త్వరలోనే రెండు దారులు చీలాయి. ప్రతి పోస్టూ మోడరేటర్ చూశాకే కనపడే గుంపులు ఒక దారి, ఎవరైనా ఏదైనా రాయగల గుంపులు మరో దారి. ప్రధాన శ్రేణుల్లో కొత్త గుంపు పెట్టాలంటే దాని పరిధిని, మోడరేషన్ పద్ధతిని వివరించే నియమావళి ముందే రాసి చర్చకు పెట్టి ఓటింగు జరపాల్సి వచ్చేది. వ్యతిరేక ఓట్ల కంటే అనుకూల ఓట్లు కనీసం 100 ఎక్కువ, మొత్తంలో మూడింట రెండు వంతులు రావాల్సి ఉండేది. ఈ తతంగాన్ని అప్పట్లో ఎగతాళి చేసినవాళ్లున్నారు. కానీ దానివల్ల ఒక మేలు జరిగింది. చేరేవాడికి తాను ఏ సభలో కూర్చుంటున్నాడో తెలిసేది.

ఓటింగు అక్కర్లేని శ్రేణిలో 1991లో పుట్టిన ఆల్ట్.రెలిజియన్.సైంటాలజీ కథ వేరు. ఆ మతాన్ని వదిలి వచ్చినవాళ్లు, విమర్శకులు అక్కడ చేరారు. సైంటాలజీ చర్చి రహస్యంగా దాచుకునే బోధనలు అందులో బయటపడుతున్నాయని, 1995 జనవరిలో చర్చి తరఫు న్యాయవాది ఒకామె ఆ గుంపునే తొలగించమని యూజ్‌నెట్ సర్వర్లన్నిటికీ ఆదేశం పంపింది. చాలామంది సర్వర్ నిర్వాహకులు దాన్ని పట్టించుకోలేదు. గుంపు బతికింది, పైగా ఆ గొడవతో దాని పేరు లోకానికి తెలిసింది. స్వేచ్ఛావాదులు ఈ కథను ఇక్కడితో ఆపేస్తారు. దశాబ్దం చివరికి అదే గుంపు మీద నిజమైన సభ్యుల పేర్లతో దొంగ పోస్టులు లక్షల్లో వచ్చి పడ్డాయి. అర్థం లేని ఆ చెత్తలో అసలు చర్చను వెతుక్కోవడమే కష్టమైంది. నోరు నొక్కితే మూతపడని గదిని గోలతో పనికిరాకుండా చేయవచ్చని తేలింది. తలుపులు లేకపోవడమూ స్వేచ్ఛా ఒకటి కావని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నాస్తికులకు ఈ జబ్బు రాదనుకుంటే పొరపాటు. రెడ్డిట్‌లోని నాస్తిక విభాగంలో 2013 జూన్‌లో మోడరేటర్లు మారి, బొమ్మలతో చేసే హేళన పోస్టులను నేరుగా పెట్టకుండా చిన్న అడ్డంకి పెడితే సభ్యులు తిరగబడ్డారు. ఏ మతాధికారం మీద తాము లేస్తామో అదే ఇక్కడ పుట్టిందన్నారు. మరుసటి నెలలో రెడ్డిట్ ఆ విభాగాన్ని కొత్తవారికి మొదట కనిపించే జాబితా నుంచి తీసేసింది.

చట్టం నీడ

అమెరికాలో మొదట ఒక విచిత్రం జరిగింది. పోస్టులు చూడని ఆన్‌లైన్ సేవా సంస్థ కంప్యూసర్వ్‌కు బాధ్యత లేదని 1991లో ఒక కోర్టు అంటే, చూసి తీసేస్తున్న ప్రాడిజీకి బాధ్యత ఉందని 1995లో మరో కోర్టు అన్నది. శుభ్రం చేసినవాడికే శిక్ష అన్నమాట. ఆ మెలికను విప్పడానికే 1996లో వేదికలకు రక్షణనిచ్చే 230వ సెక్షన్ వచ్చింది. మన ఐటీ చట్టంలోని 79వ సెక్షన్ అలాంటి రక్షణే షరతులతో ఇస్తుంది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు అదే చట్టంలోని 66ఎను కొట్టేస్తూ చర్చ, సమర్థన, ఉసిగొల్పడం అన్న మూడు మెట్లను విడదీసింది. మూడో మెట్టు దాకా వచ్చాకే ప్రభుత్వం కలగజేసుకోవచ్చు. కోర్టు ఆదేశమో ప్రభుత్వ ఉత్తర్వో లేకుండా పోస్టులు తొలగించమని కంపెనీలను కోరలేమనీ అన్నది. 2021 ఫిబ్రవరి నాటి ఐటీ నిబంధనలు పెద్ద వేదికల మీద ఫిర్యాదు అధికారులను, గడువులను, సొంతంగా తొలగించేటప్పుడు కారణం చెప్పే బాధ్యతను పెట్టాయి.

295ఎను మాత్రం కోర్టు ముట్టలేదు. 1957లో రాంజీలాల్ మోదీ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సమర్థిస్తూ, తెలియక చేసినదో అజాగ్రత్తతో చేసినదో కాక దురుద్దేశంతో చేసిన తీవ్రమైన అవమానానికే అది వర్తిస్తుందని పరిధి తగ్గించింది. ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్, మూడేళ్ల దాకా శిక్ష. కోర్టు తగ్గించిన పరిధి పోలీస్ స్టేషన్ దాకా వచ్చేసరికి మళ్లీ సాగుతుంది. దురుద్దేశం ఉందా లేదా అన్నది విచారణలో తేలుతుంది, అరెస్టు అంతకు ముందే అయిపోతుంది. 2018 జులైలో హైదరాబాద్ పోలీసులు రాముడి మీద టీవీలో చేసిన వ్యాఖ్యలకు కత్తి మహేష్‌ను, రెండు రోజుల తేడాలో ఆయనకు నిరసనగా పాదయాత్ర తలపెట్టిన పరిపూర్ణానంద స్వామిని ఆరేసి నెలలు నగర బహిష్కారం చేశారు. రెండు వైపులా వేటు వేస్తే సమన్యాయం అయిందనుకునే మోడరేటర్ల పద్ధతి ఇది. అడ్మిన్ చేస్తే విసుగొస్తుంది, అంతే. ప్రభుత్వం చేస్తే మనిషి ఊరు విడిచి వెళ్లాలి.

అడ్మిన్ల విషయంలో కోర్టులు ఊరటనిచ్చాయి. సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్ బాధ్యుడు కాడని 2021లో బొంబాయి హైకోర్టు నాగ్‌పూర్ ధర్మాసనం, 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు చెప్పాయి. అడ్మిన్‌కు ఉన్నది సభ్యులను చేర్చడం, తీసేయడం మాత్రమేనని, పోస్టును ముందే ఆపే శక్తి లేదని ఆ తీర్పుల తర్కం. అయితే 2022 ఆగస్టు నుంచి ఎవరి మెసేజీనైనా అందరికీ తొలగించే శక్తిని వాట్సాప్ అడ్మిన్లకు ఇచ్చింది. తీయగలిగి తీయనివాడి సంగతేమిటన్న ప్రశ్న ప్రాడిజీ నాటిదే, కొత్త దుస్తుల్లో తిరిగొచ్చింది.

నాలుగు పక్షాలు

ఈ నేపథ్యంలో వినపడే వాదనలను స్థూలంగా నాలుగు పక్షాలుగా చూడవచ్చు. మొదటిది 1859 నాటి జాన్ స్టూవర్ట్ మిల్ దారి. తప్పుడు అభిప్రాయాన్ని కూడా అణచకూడదు, ఎందుకంటే దానితో ఢీకొంటేనే నిజానికి పదును. మతంలో ఈ వాదనకు అదనపు బలం ఉంది. నేటి సంప్రదాయాల్లో చాలా భాగం నిన్నటి దైవదూషణలే. రెండోది మర్యాదా పక్షం. జెరెమీ వాల్‌డ్రన్ 2012లో రాసిన గ్రంథంలో దీన్ని బలంగా చెప్పాడు. ఆయన జాగ్రత్తగా గీసిన గీత ఏమిటంటే, నమ్మకానికి రక్షణ లేదు, నమ్మే మనిషి పరువుకే రక్షణ. మన దగ్గర ఈ పక్షాన్ని ఉటంకించేవాళ్లు మొదటి సగాన్ని మింగేసి రెండో సగాన్నే చెబుతారు. మూడోది ఇంటివాళ్ల పక్షం. మత శాఖలకు తమ మత వ్యవహారాలు తాము చూసుకునే హక్కును రాజ్యాంగం 26వ అధికరణలో ఇచ్చింది కదా, గ్రూపు దానికి చిన్న రూపమేనంటారు. నాలుగోది కొత్తది. మాటను తీసేయాలా ఉంచాలా అన్న ప్రశ్నే తప్పని, ఎవరికి ఎంత వేగంగా ఎంత దూరం చేరుతుందన్నదే చూడాలని దీని వాదన. ఫార్వర్డుకు పరిమితి, ఇష్టం లేనివారు తమకు తామే దాచుకునే వెసులుబాటు ఈ పక్షం సాధనాలు.

పోల్చి చూస్తే మొదటి రెండూ ప్రభుత్వాన్ని, కంపెనీని మనసులో పెట్టుకుని పుట్టినవి. మూడోది చిన్న గుంపుకే సరిపోతుంది. నాలుగోది వాగ్దానం ఎక్కువ చేస్తుంది గానీ, ఇరవై మంది కుటుంబ గ్రూపులో ఒక మాట ఎంత గాయం చేస్తుందో దానికి కొలత లేదు. ఈ నాలుగు పక్షాలూ గమనించని ఒక సంగతిని చెరియన్ జార్జ్ 2016లో హేట్ స్పిన్ అన్న పుస్తకంలో పట్టుకున్నాడు. మనసు నొప్పించడం ఎంత పథకం ప్రకారం జరుగుతుందో, నొచ్చుకోవడమూ అంతే పథకం ప్రకారం జరగవచ్చు. ఎక్కడో మూలనున్న మాటను వెతికి, ఫార్వర్డ్ చేసి, వెయ్యి మందిని నొప్పించి, ఆ వెయ్యి మంది బాధను సాక్ష్యంగా చూపే వ్యాపారం మన రెండు రాష్ట్రాల్లోనూ అన్ని మతాల పేర్లతోనూ ఉంది. నొచ్చుకున్నవారి సంఖ్యనే కొలతగా పెట్టుకున్న మోడరేటర్ ఈ వ్యాపారానికి పెట్టుబడి సమకూరుస్తాడు.

మాట తీరు, మాట సారం

అందుకే నా మొగ్గు తీరును పట్టుకునే మోడరేషన్ వైపు. రాముడు చారిత్రక పురుషుడు కాడనడం, త్రిత్వ సిద్ధాంతంలో తర్కం లేదనడం, హదీసుల ప్రామాణికతను శంకించడం, దేవుడే లేడనడం సారం. అవతలివాడి తల్లిని ఎత్తడం, కులం పేరు తీయడం, మతాన్ని బట్టి ఊరంతటినీ దొంగలనడం, ఒకే లింకును నలభై సార్లు పెట్టడం, మత మార్పిడి చేసుకున్నవారి చిరునామా బయటపెట్టడం తీరు. చర్చ పేరుతో పెట్టిన గ్రూపు మొదటి జాబితాలోని దేనికీ ఎవరినీ పంపకూడదు, రెండో జాబితాలోని దేనికైనా పంపవచ్చు. పారాయణ గ్రూపు, బైబిలు అధ్యయన గ్రూపు, ఖురాన్ పఠన గ్రూపు వేరు. అక్కడ సందేహవాదిని బయటకు పంపడం అన్యాయం కాదు, కచేరీలో ఉపన్యాసం మొదలుపెట్టినవాడిని కూర్చోమన్నట్టే. ఆ గ్రూపు తనను తాను చర్చావేదిక అని పిలుచుకోనంత వరకే ఈ మినహాయింపు. ధర్మసందేహాలు అడగండి అని పేరు పెట్టి సందేహం అడిగినవాడిని తీసేసేవాళ్లు జాత్ పాత్ తోడక్ మండల్ చేసిన తప్పే చేస్తున్నారు.

మొదటి ఆక్షేపణ బలమైనది. తీరునూ సారాన్నీ విడదీయలేం, భక్తుడికి తన దేవుడు లేడనడమే తిట్టుకన్నా పెద్ద గాయం అంటారు. గాయం నిజమే. కానీ ఆ గాయాన్ని ప్రమాణంగా తీసుకుంటే రెండు మతాలవాళ్లు ఒకే గదిలో కూర్చోలేరు. ఏకేశ్వరవాది విగ్రహం గురించి నమ్మేదీ, శాక్తేయుడు ఏకేశ్వరవాదం గురించి నమ్మేదీ ఒకరికొకరికి గాయాలే. నమ్మకాన్ని కాదనడాన్ని అనుమతించని చర్చలో మిగిలేది శుభోదయం బొమ్మలే. విడదీయడం కష్టమన్న మాట మాత్రం ఒప్పుకోవాలి. ఫేస్‌బుక్ పర్యవేక్షక మండలి 2021 ఫిబ్రవరిలో తేల్చిన ఒక భారతీయ కేసు చూడండి. ముస్లింల కోసం పెట్టిన ఒక బహిరంగ గ్రూపులో 2020 అక్టోబరులో ఒక మీమ్ వచ్చింది. టర్కీ సీరియల్ పాత్ర చేతిలో ఒరలో ఉన్న కత్తి. ప్రవక్తకు వ్యతిరేకంగా నోరెత్తితే ఆ కత్తి దూయాలన్న అర్థంలో హిందీ వాక్యం. కింద ఫ్రాన్స్ వస్తువులు బహిష్కరించమన్న హ్యాష్‌ట్యాగులు. ఫేస్‌బుక్ దాన్ని దాచిన బెదిరింపుగా చదివి తీసేసింది. మండలిలో ఎక్కువమంది బహిష్కరణ పిలుపుగా చదివి తిరిగి పెట్టమన్నారు, కొందరు బెదిరింపే అన్నారు. ఒకే వాక్యం మీద తీరిగ్గా కూర్చున్న నిపుణులే చీలిపోయారు. ఐక్యరాజ్యసమితి చొరవతో 2012లో వచ్చిన రబాత్ ప్రణాళిక సందర్భం, మాట్లాడినవారి స్థాయి, ఉద్దేశం, మాట రూపం, వ్యాప్తి, హాని జరిగే అవకాశం అన్న ఆరు కొలతలు ఇచ్చింది అందుకే. కొలత ఉన్నంత మాత్రాన తూకం ఒక్కటే రాదు. కొలత లేకపోతే తూకమే లేదు.

రెండో ఆక్షేపణ: నచ్చకపోతే వెళ్లి వేరే గ్రూపు పెట్టుకోవచ్చు కదా? నగరంలో, ఇంగ్లీషులో, అపరిచితుల మధ్య ఈ మాట చెల్లుతుంది. ఊళ్లో సంఘం గ్రూపు ఒక్కటే ఉంటుంది. పెళ్లి కబురు, చావు కబురు, గుడి చందా లెక్క, చర్చి కమిటీ నిర్ణయం అన్నీ అందులోనే. అందులోంచి తీసేస్తే పోయేది చర్చ ఒక్కటే కాదు. దీనికి దగ్గరి పోలిక మన న్యాయచరిత్రలో ఉంది. వెలివేతను నిషేధించిన 1949 బొంబాయి చట్టాన్ని 1962లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దావూదీ బోహ్రాల మతాధిపతికి వెలివేసే అధికారం 26వ అధికరణ కింద ఉందని మెజారిటీ అన్నది. ప్రధాన న్యాయమూర్తి సిన్హా ఒక్కరే విభేదించారు. 2023 ఫిబ్రవరిలో ఆ తీర్పును తిరిగి చూడాలని కోర్టే తొమ్మిది మంది ధర్మాసనానికి పంపింది. వెలివేత ఆరాధన నుంచా, పౌరజీవితం నుంచా అన్నదే అక్కడి కీలకం. సంఘం గ్రూపు అడ్మిన్‌కూ అదే వర్తిస్తుంది. కబుర్లకూ చర్చకూ వేరు గ్రూపులు పెట్టి, చర్చలోంచి పంపినా కబుర్లలో ఉంచితే ఈ ఆక్షేపణలో సగం తీరిపోతుంది.

అడ్మిన్లు జీతం లేని మనుషులు, ఇంత న్యాయవిచారణ వాళ్లవల్ల కాదన్నది మూడోది. కారణం ఒక వాక్యంలో చెప్పడం, ఒకసారి హెచ్చరించడం, తానే వాదనలో దిగిన రోజు తీసివేతను మరో అడ్మిన్‌కు వదిలేయడం ఇంతకు మించి ఎవరూ అడగడం లేదు.

తేలనివి

తెలుగు మాటను కంపెనీల యంత్రం ఎలా చదువుతుందన్నది మొదటి చిక్కు. సగం రోమన్ అక్షరాల్లో, సగం ఇంగ్లీషుతో కలిపి రాసే తెలుగు దానికి కొరుకుడు పడదు. పడినా, గొర్రె అన్న మాటను ఏం చేస్తుంది? చర్చిలో కాపరి నోట అది ప్రేమ. కామెంట్లలో అదే మాట క్రైస్తవుల మీద తిట్టు. భక్తుడు అన్నదీ అంతే, గుళ్లో గౌరవం, రాజకీయ గొడవలో ఎగతాళి. వాక్యం చూసి కాక, గది చూసి తప్ప అర్థం తేలని మాటలివి. గది తెలిసినవాడు అడ్మిన్ ఒక్కడే, అతనేమో ఒక పక్షంవాడు.

ప్రాథమిక హక్కులు ప్రైవేటు వ్యక్తుల మీద కూడా అమలవుతాయని 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ అన్నది. ఆ మాట కంపెనీల దాకా వస్తుందా, వస్తే గ్రూపు గుమ్మం దాకా వస్తుందా అన్నది ఎవరూ తేల్చలేదు. వస్తే పారాయణ గ్రూపు కూడా కోర్టుకు జవాబు చెప్పాల్సి వస్తుంది, అది నాకు సమ్మతం కాదు. రాకపోతే సంఘం గ్రూపు వెలివేతకు మందు లేదు. పరిమాణాన్ని బట్టి బాధ్యత పెంచడం ఒక దారి. 50 లక్షల వినియోగదారులు దాటిన వేదికకు ఎక్కువ బాధ్యతలని మన నిబంధనలు ఇప్పటికే అంటున్నాయి. అదే వేదికలోని వెయ్యిన్నొక్క గ్రూపుల గురించి అవి మాట్లాడవు.

ఇక మామూలు రోజున జరిగేది చూస్తే, అడ్మిన్ ఒక మెసేజీ తీసేస్తాడు. అది ఉన్నచోట అడ్మిన్ తొలగించారన్న ఒక గీత మిగులుతుంది. ఏ అడ్మినో కూడా కనపడుతుంది. ఎందుకో రాయడానికి అక్కడ గడి లేదు.